తిత్తి పద్యానికి భస్త్రికా వ్యాఖ్య

అవతారిక

వావిళ్ల వారి పాత ప్రతుల్లో పద్యం నాలుగు పాదాలైతే, దాని కింద టీకా, తాత్పర్యం, విశేషాలు కలిసి పేజీ దాటిపోయేవి. చదువుకునే రోజుల్లో అదంతా మార్కుల కోసం మాస్టార్లు పెట్టిన బాధ అనుకునేవాణ్ణి. ఏడేళ్ల కొడుకుని రోజూ అకార్డియన్‌తో కూర్చోబెట్టే కొలువు నా నెత్తిన పడ్డాక గాని తెలియలేదు, నాలుగు పాదాలకు ఎంత గాలి ఖర్చవుతుందో.

మేముండేది జర్మనీలో, స్టుట్‌గార్ట్ దగ్గర ఒక చిన్న ఊళ్లో. ఆ ఊరి సంగీత బడిలో పిల్లవాడికి ఏ వాద్యం కావాలని అడిగారు. వాడు డ్రమ్స్ అన్నాడు. వాళ్లమ్మ వయొలిన్ అంది. నేను హార్మోనియం అన్నాను. అది మా దగ్గర లేదు, దానికి చుట్టరికం ఉన్న అకార్డియన్ ఉంది, చిన్నది అద్దెకు కూడా ఇస్తాం అన్నారు. అలా ముగ్గురిలో ఎవరూ కోరనిది ఇంటికి వచ్చింది. వారానికి అరగంట పాఠం మాస్టారిది. మిగతా ఆరు రోజులు, రోజుకు పది నిమిషాల చొప్పున, నావి.

నా అర్హత ఏమిటంటే, మా తాతగారు పద్యనాటకాలకు పెట్టె వాయించేవారు. హార్మోనియాన్ని మావైపు పెట్టె అనే అంటారు. ఆయన పక్కన కూర్చుని వెనకవైపు తిత్తి మూసుకుని తెరుచుకోవడం చూసేవాణ్ణి. నా సంగీత విద్య అక్కడే మొదలై అక్కడే ముగిసింది.

ఈ మధ్య ఒక సాయంత్రం సాధన అయ్యాక ఒక ఆటవెలది పుట్టింది. కవి ఎవరని అడగొద్దు. ఇంట్లో ఉన్న మగవాళ్లం ఇద్దరం, అందులో ఒకడికి ఇంకా గుణింతాలు రావు.

వ్యాఖ్యాతల్లో మనవాడు మల్లినాథసూరి. మెదక్ దగ్గరి కొల్చారం ఆయనది. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చి కాళిదాసు మీద కలం పట్టాడు. నేను ఆ మాట ఇవ్వలేను. ఆయన వ్యాఖ్య పేరు సంజీవని. దీనికి భస్త్రిక అని పెట్టాను; సంస్కృతంలో తిత్తి అని అర్థం. పొద్దున్నే టీవీ ముందు కూర్చుని బుసలు కొట్టే ప్రాణాయామానికీ అదే పేరు కాబట్టి మా అత్తగారికి కూడా తెలిసిన మాటే.

మూలము

ఆ. తిత్తి తెరచి మూయఁ దెలియని బాలుండు
కుడిని పాట పాడి కునుకు నెడమ;
పట్టె జార నడుగుఁ, “బదినిమిషము లాయె,
నాన్న! యింక మూయనా” యనుచును.

టీకా

తిత్తి = అకార్డియను నడుమ మడతలు మడతలుగా నుండు గాలిసంచిని, తెరచి = సాగదీసి, మూయన్ = మరల దగ్గరకు చేర్చుటకు, తెలియని = ఎరుగని, బాలుండు = ముందరి పళ్లు రెండు ఊడినవాడు, కుడిని = కుడిచేతి వైపున, పాట పాడి = పాటను పలికించి, ఎడమ = ఎడమచేతి వైపున, కునుకున్ = తూగును; పట్టె = భుజమున వేయు పట్టీ, జారన్ = జారగా, పదినిమిషములు = పది నిమిషములు (వ్యాఖ్యాత గడియారము ప్రకారము నాలుగు), ఆయె = అయినవి, నాన్న = ఓ తండ్రీ, ఇంక = ఇకమీదట, మూయనా = మూయుదునా, అనుచును = అని పలుకుచు, అడుగున్ = ప్రశ్నించును.

తాత్పర్యం

పిల్లవాడు లేద్దామనుకుంటున్నాడు.

విశేషాలు

తిత్తి. ఈ మాట వినగానే తెలుగువాడికి ముందు కొలిమి గుర్తొస్తుంది, తర్వాత తన్నులు. ‘తిత్తి తీస్తా’ అనేది మా నాన్నగారి ఊతపదం. జన్మలో ఆయన ఎవరి తిత్తీ తీసి ఎరగరు. వీధి భాగవతాల వాళ్లు శ్రుతికి ఊదే మేకతోలు సంచి కూడా తిత్తే. తత్త్వాలు పాడేవాళ్లయితే ఈ ఒంటినే తోలుతిత్తి అనేశారు. ఇంత మోసిన మాట చేతిలో ఉండగా బెల్లోస్ అనడానికి నాకు నోరు రాలేదు. “తిత్తి తియ్యరా, ఇంకా తియ్యి, బాగా తియ్యి” అని నేను పాఠం చెబుతుంటే ఫోన్లో విన్న మా అమ్మ, “పిల్లాణ్ణి కొడుతున్నావా ఏంట్రా?” అని కంగారుపడింది.

ఇక్కడి తిత్తి తోలుది కాదు. గట్టి అట్టను మడతలు పెట్టి, పైన గుడ్డ అంటించి, మూలల్లో మాత్రం మెత్తని తోలు వేసి, అంచులకు లోహపు తొడుగులు దిగ్గొడతారు. రెండు వైపులా చెక్క పెట్టెల్లో ఉక్కు రీడ్లు మైనంతో అతికించి ఉంటాయి. అందుకే పెట్టెను ఎండలో నిలిపిన కార్లో వదలొద్దని, చలికాలం హీటరు పక్కన పెట్టొద్దని మాస్టారు మొదటిరోజే చెప్పాడు. మైనం కరిగితే రీడు ఊడి తిత్తిలో పడుతుంది. పడితే ఏమవుతుందని మావాడు చాలా ఆసక్తిగా అడిగాడు. ఆ ఆసక్తి నాకు నచ్చలేదు.

ఒక స్వరానికి రీడు ఒకటి కాదు, రెండు. పలక మీద ఒకటి ఇటు, ఒకటి అటు. తిత్తి తెరుస్తున్నప్పుడు ఒకటి పలుకుతుంది, మూస్తున్నప్పుడు రెండోది. రెంటినీ ఒకే శ్రుతికి కలిపి ఉంచుతారు కాబట్టి వినేవాడికి తేడా తెలియదు. ఇది పియానో మెట్లున్న అకార్డియన్ సంగతి. 1829 మే నెలలో వియన్నాలో సిరిల్ డెమియన్ అనే ఆయన అకార్డియన్ అని పేరు పెట్టి పేటెంటు తీసుకున్న మొదటి పెట్టె ఇలా కాదు. దానికి ఉన్నవి అయిదే మెట్లు. ఒక్కొక్కటి నొక్కితే ఒక స్వరం కాదు, స్వరాల గుత్తి పలికేది. తెరిస్తే ఒక గుత్తి, మూస్తే ఇంకొకటి. స్వరాల గుత్తిని అక్కడ అకార్డ్ అంటారు గనుక అకార్డియన్ అయింది. ఇది నిరుక్తం. మావాడి చేతిలో డెమియన్ పెట్టె ఉండి ఉంటే ‘మూయఁ దెలియని’ అన్న విశేషణం వాడికి అంటేది కాదు. మూయకపోతే సగం గుత్తులు రానే రావు, చచ్చినట్టు నేర్చుకునేవాడు. తెరిచినా మూసినా ఒకటే పలికే పెట్టె ఇచ్చి మనమే పిల్లల్ని చెడగొట్టుకున్నాం.

తెరచి మూయ. ఇక్కడ పూర్వపక్షం ఒకటి ఉంది. తెరవడం తెలిసినవాడికి మూయడం తెలియకపోవడమేమిటి? తలుపు తెరిచినవాడు మూయలేడా? దీనికి మా ఇంటి ఫ్రిజ్ సమాధానం చెబుతుంది గాని, శాస్త్రంలోనూ సమాధానం ఉంది.

హార్మోనియానికి కడుపులో ఇంకో తిత్తి ఉంటుంది. బయటి తిత్తితో కొట్టిన గాలి అందులో నిలవ చేరుతుంది. అందుకే తాతగారు నటుడి ముఖం చూస్తూ, మధ్యలో చెయ్యి వదిలి పొడుంకాయ తీసి, మళ్లీ పట్టుకున్నా రాగం తెగేది కాదు. అకార్డియన్‌కు దాచుకునే అలవాటు లేదు. ఎప్పటి గాలి అప్పటికే. చెయ్యి ఆగితే పాట ఆగుతుంది, చెయ్యి వణికితే పాట వణుకుతుంది, చెయ్యి విసిరితే పాట అరుస్తుంది. కాబట్టి ఈ వాద్యంలో వాయించేది వేళ్లు కాదు, ఎడమ చెయ్యి మొత్తం. వేళ్లు ఏ స్వరమో చెబుతాయి, ఎలా అన్నది తిత్తి చెబుతుంది.

మావాడు ఏం చేస్తాడంటే, మొదటి స్వరం నుంచే తెరవడం మొదలుపెడతాడు. తెరుస్తూనే ఉంటాడు. పాట సగానికి వచ్చేసరికి చెయ్యి బారెడు చాపి, కంకణం తొడిగించుకోబోయే కవిలా ఉంటాడు. ఇక చాపడానికి చెయ్యి లేదు. అప్పుడు ఒక్క నెట్టు నెట్టి మూస్తాడు. ఆ నెట్టుకి పలికే స్వరం ఏ మేళకర్తలోనూ లేదు.

తిత్తి తిప్పడం, అంటే తెరవడం నుంచి మూయడానికి మళ్లడం, పాటలో ఊపిరి తీసుకునే చోటే జరగాలి. మాట మధ్యలో తిప్పితే ‘రామచం’ దగ్గర ఆగి ‘ద్రా’ అన్నట్టుంటుంది. నాలుగు లెక్కలు తెరువు, నాలుగు లెక్కలు మూయి అన్నది మాస్టారి సూత్రం. అదీ విసనకర్రలా తెరవాలి: కింది అంచు దాదాపు కదలకూడదు, పై అంచు విచ్చుకోవాలి. కుడి పెట్టె ఒంటికి ఆని స్థిరంగా ఉండాలి, ఎడమదే పోయి రావాలి. నేను పక్కన కూర్చుని తెరువు, రెండు, మూడు, నాలుగు, మూయి, రెండు, మూడు, నాలుగు అని పురోహితుడిలా చదువుతాను. వాడు మూడో లెక్కలో మూస్తాడు, ఆరో లెక్కలో తెరుస్తాడు. ఒకరోజు విసుగొచ్చి, “నేను చెప్పేది వింటున్నావా?” అంటే, “నువ్వు పాటకంటే గట్టిగా చెప్తున్నావు నాన్నా, పాట వినపడట్లేదు” అన్నాడు. ఇది ఆక్షేపమా స్వభావోక్తా అన్నది ఆలంకారికులు తేల్చాలి.

కుడిని పాట పాడి కునుకు నెడమ. కుడివైపు 25 మెట్లు. పియానో మెట్లే గాని నిలువుగా ఉంటాయి, వాయించేవాడికి పక్క నుంచి తప్ప కనపడవు. చూడటానికి వంగితే పెట్టె కూడా వంగుతుంది. ఎడమవైపు 12 బటన్లు, అవి అసలే కనపడవు. పెద్దవాళ్ల పెట్టెలో ఎడమ పక్క 120 ఉంటాయి, కుడి పక్క 41. ఆ 120 కనపడకుండా వాయించేవాళ్లను చూశాక, చీకట్లో వంటింట్లోకి వెళ్లి పోపుల పెట్టె తీసే మా అమ్మమ్మ మీద గౌరవం పెరిగింది.

పన్నెండింటి అమరిక మనవాళ్లకు సులభంగా తెలిసేదే. ఆరు ఒంటి స్వరాలు, వాటి పక్కనే ఆరు గుత్తులు. ఒక బటన్ షడ్జమం అనుకుంటే దాని పై బటన్ దానికి పంచమం. దాన్ని షడ్జమం అనుకుంటే ఆ పైది మళ్లీ దానికి పంచమం. తంబురా రెండు తీగల మీద చెప్పే మాటనే నిచ్చెనలా నిలబెట్టారు. మధ్యలో ఒక బటన్ మీద చిన్న గుంట ఉంటుంది. వేలికి ఆ గుంట దొరికితే ఊరికి రచ్చబండ దొరికినట్టే, మిగతా వీధులు అక్కణ్నుంచి లెక్క. దొరక్కపోతే మావాడు చేసే పని, ఎడమ చేతిని మానేయడం. పాట కుడిచేత్తో లాగించేస్తాడు. అదే కునుకు.

కానీ ఎడమ చెయ్యి నిద్రపోయిందనడం అన్యాయమని ఒక మతం. ఆ మతకర్త్రి మా ఇంట్లోనే ఉంది. ఆవిడ వాదన ఇదీ: తిత్తి లాగేది ఎడమ చెయ్యి. నెట్టేది ఎడమ చెయ్యి. బరువు మోసేది, బటన్లు వెతికేది, బొటనవేలితో గాలి మీట నొక్కేది, అన్నీ అదే. కుడిది కూర్చున్న చోట వేళ్లాడిస్తుంది, దానికేమో పాట పాడిందని పేరు. ఇన్ని పనులు చేసే చెయ్యి ఒక్క పనిలో కాస్త వెనకబడితే కునికిందని పద్యాలు రాస్తారు. “ఈ పద్యం రాసింది మగవాడని ఇక్కడే తెలిసిపోతోంది” అని ఆవిడ సిద్ధాంతం. వ్యాఖ్యాత దీనికి జవాబు రాసి, కొట్టేశాడు.

ఈ పన్నెండు బటన్లలో ఇంకో వింత ఉంది. గుత్తులన్నీ మేజర్ గుత్తులే, అంటే సంతోషానివే. విషాదం పలికే మైనర్ గుత్తికి ఇంత చిన్న పెట్టెలో చోటివ్వరు. పిల్లవాడు పెద్దవాడై పెద్ద పెట్టె కొన్నాక దుఃఖం అందుబాటులోకి వస్తుంది. కనుక ఈ వాద్యంలో కరుణరసానికి సాధన సామగ్రి లేదు. అయినా మూడో వారం లిఫ్టులో కనపడినప్పుడు కింది అంతస్తు పెద్దావిడ, “మీ ఇంట్లో పాపాయి పుట్టిందా?” అని అడిగింది. బటన్లు లేకుండా కరుణాన్ని పుట్టించిన మావాడి ప్రతిభను భరతుడు చూడాల్సింది.

ఈ సందర్భంలోనే నా తప్పొకటి ఒప్పుకోవాలి. మాస్టారు ఇచ్చిన జర్మన్ పిల్లల పాటలు అయిదు వేళ్ల కింద అయిదు స్వరాల్లో ఒదిగిపోతాయి, వేలు కదపక్కర్లేదు. నాకు అది చప్పగా తోచి, సరళీస్వరాలు మొదలుపెట్టించాను. మన తొలి పాఠం మాయామాళవగౌళలో ఉంటుంది కదా. శుద్ధ రిషభం అనేసరికి నల్లమెట్టు, శుద్ధ ధైవతం అనేసరికి ఇంకో నల్లమెట్టు. చిన్న వేళ్లు ఎక్కలేవు. ఎక్కినా, ఆ రిషభానికి తోడు వచ్చే గుత్తి ఎడమవైపు ఆరింటిలో లేదు. ఇక గమకం మాట ఎత్తకపోవడం మర్యాద. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఈ పెట్టెలో దారి లేదు. స్వరం దగ్గర నుంచి స్వరం దగ్గరికి దూకడమే. హార్మోనియం మీద ఉన్న అభియోగం కూడా ఇదే. 1940లో ఆకాశవాణి దాన్ని గడప దాటి రానివ్వనంది, 1971 దాకా తలుపు తీయలేదు. ఆ ముప్పై ఏళ్లూ మా తాతగారు ఆ సంగతి పట్టించుకోకుండా ఊళ్లలో రాత్రంతా పెట్టె వాయిస్తూనే ఉన్నారు. నాటకం వాళ్లకు రేడియో అనుమతి అక్కర్లేదు. వారం తర్వాత మాస్టారు, “ఈ కొత్త పాట ఏమిటి, బావుందే, ఎక్కడిది?” అని మావాణ్ణి అడిగితే, “మా నాన్నకు తెలీకుండా వచ్చేసింది” అన్నాట్ట.

పట్టె జార. పట్టీ అనాల్సిన చోట పట్టె అని కవి ఛందస్సు కోసం కుదించాడు. పట్టీలు రెండు. ఎడమది కుడిదానికంటే కాస్త పొట్టిగా బిగించాలి, అప్పుడు పెట్టె కుదురుగా కూర్చుంటుంది. మావాడి బరువు 22 కిలోలు, పెట్టె సుమారు 4. అందుకని నిలబడి వాయించే ముచ్చట ఇప్పట్లో లేదు. పాదాలు నేలకు ఆనే కుర్చీ కావాలి. మా ఇంట్లో అలాంటిది లేక, కాళ్ల కింద నా పాత నిఘంటువు ఒకటి వేశాం. అది కదలదు. ఈ దేశం వచ్చాక దానికి దొరికిన మొదటి ఉద్యోగం.

ఇక్కడ ‘పట్టి జార’ అని పాఠాంతరం. పట్టి అంటే బిడ్డ. ‘బిడ్డ కుర్చీలోంచి మెల్లిగా జారుతుండగా’ అని అర్థం. గణం చెడదు, యతి చెడదు, సన్నివేశం కళ్లకు కడుతుంది. జారేది పట్టీయా పట్టియా అన్నది నేను రోజూ పరిశీలిస్తున్నాను. మొదట పట్టీ జారుతుంది. దాన్ని ఎత్తుకునే నెపంతో పట్టి జారతాడు. కాబట్టి రెండు పాఠాలూ గ్రాహ్యం, ఒకటి కారణం, రెండోది కార్యం.

పదినిమిషము లాయె. అతిశయోక్తి. అయితే పిల్లవాడు అబద్ధమాడాడని అనుకోకూడదు. సాధనలో కాలం వేరుగా నడుస్తుంది. దాన్ని కొలిచే గడియారం వాడి భుజంలో ఉంది. గడియారం అంటే గుర్తొచ్చింది. ఇక్కడికి దక్షిణంగా, బ్లాక్ ఫారెస్ట్‌కీ స్వేబియన్ ఆల్ప్ కొండలకీ మధ్య ట్రోసింగెన్ అనే ఊరుంది. అక్కడ మథియాస్ హోనర్ అనే గడియారాలు చేసే మనిషి 1857లో నోటితో ఊదే హార్మోనికాలు చేయడం మొదలుపెట్టాడు. ఆయన పేరు మీద నడిచిన కర్మాగారం 1903 నుంచి అకార్డియన్లు కూడా చేసింది. మావాడి ఒళ్లో ఉన్న పెట్టె మీద ఆ పేరే ఉంది. చక్రాల పళ్లు లెక్కపెట్టిన ఇంటి నుంచి వచ్చిన వాద్యం కనుకనేమో, అది ఒళ్లో ఉన్నంతసేపూ గోడ గడియారం వైపు చూడకుండా వీడు ఉండలేడు.

సాధనకు వేళ దొరకడమూ చిన్న సంగతి కాదు. మా అపార్ట్‌మెంట్ నియమాల్లో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా చప్పుడు చేయకూడదు. రాత్రి పది తర్వాత చేయకూడదు. బడి, ఫుట్‌బాల్, అన్నం, నిద్ర తీసేస్తే మిగిలేది సాయంత్రం ఆరున్నర. సరిగ్గా అప్పుడే వంటింట్లో కుక్కరు మొదలవుతుంది. అది మాత్రం లెక్క ప్రకారం ఊపిరి వదులుతుంది.

నాన్న! యింక మూయనా. ఈ పాదంలో యతిని గమనించాలి. నాన్నలోని ‘నా’కు, మూయనాలోని ‘నా’కు మైత్రి. మొదటిది పిలుపు, రెండోది అనుమతి కోరిక. తండ్రిని పిలవడంలోనే తప్పించుకునే దారి వేసి పెట్టుకున్నాడన్నమాట. పైగా ‘మూయనా యనుచును’ అని కలిపి చదివితే మధ్యలో దాదాపు ‘నాయన’ వినపడుతుంది. కవి ఉద్దేశించాడా అంటే, ఉద్దేశించలేదు. నాకు ఆరోసారి చదివితే తెలిసింది.

‘ఇంక’ అన్న మాట దగ్గర మాత్రం వ్యాఖ్యాత కాస్త ఆగాలి. దీనికి రెండు అర్థాలు చెప్పుకోవచ్చు. ఈ పూటకు ఇక చాలు అన్నది ఒకటి. ఇకమీదట ఎప్పటికీ అన్నది రెండోది. పిల్లలు మొదటి అర్థంలోనే వాడతారు. కొన్నిసార్లు రెండోది వచ్చి దాని మీద కూర్చుంటుంది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు తాతగారు నా చేత పెట్టె పట్టించబోయారు. అరుగు మీద చాప, చాప మీద పెట్టె, ఎదురుగా ఆయన. వీధిలో గోలీలాడుతున్నారు. మూడు రోజులో నాలుగు రోజులో కూర్చున్నాను. తర్వాత ఇదే ప్రశ్న వేశాను, “తాతా, ఇంక మూసెయ్యనా?” అని. “ఊఁ, మూసెయ్” అన్నారు. ఆయన ఒక్క మాట ఎక్కువ అనలేదు, నేను రెండోసారి తెరవలేదు. ఆయన పోయాక పెట్టె అటకెక్కింది. ఒకసారి దింపి చూస్తే తిత్తిని ఎలుకలు కొరికి ఉన్నాయి. ఆ ‘ఇంక’ ఇంకా నడుస్తోంది.

అందుకని మావాడు అడిగినప్పుడు నేను వెంటనే ఊఁ కొట్టను. ‘ఈ ఒక్క పాట’ అంటాను. వాడు ‘ఒక్క పాటే’ అంటాడు. మేమిద్దరం చాలాసేపు బేరమాడతాం. ఆ బేరంలో పోయిన నిమిషాలు కూడా సాధనలో కలిపి లెక్కవేయాలని వాడి వాదన.

అలంకారం. స్వభావోక్తి అని చెప్పి తప్పుకోవచ్చు. కానీ జాగ్రత్తగా చూస్తే విరోధాభాసం. మొదటి పాదంలో ‘మూయఁ దెలియని’ అన్నాడు. చివరి పాదంలో వాడే ‘మూయనా’ అంటున్నాడు. తెలియని పనికి అనుమతి అడగడమేమిటి? విరోధం.

పరిహారం గాలి మీటలో ఉంది. ఎడమ పెట్టె చివర, బొటనవేలికి అందేలా ఒక బటన్ ఉంటుంది. దానికి స్వరం లేదు. నొక్కితే రీడ్లను తాకకుండా గాలి తిత్తిలోకి రాగలదు, పోగలదు. వాయించడం అయ్యాక దీన్ని నొక్కి పట్టుకునే తిత్తి మూయాలి. లేకుంటే మూసుకోదు, బలవంతపెడితే రీడ్లకు దెబ్బ. మొదటి వారం మాస్టారు మెట్లు ముట్టుకోనివ్వలేదు, వట్టి గాలి మీట నొక్కి తెరవడం, మూయడం, అంతే. ఏదో పెద్ద జంతువు నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుంటుంది. మావాడు దానికి డ్రాగన్ అని పేరు పెట్టాడు. పాఠమంతటిలో వాడికి నచ్చింది అదొక్కటే.

నిన్న సాయంత్రం కూడా అడిగాడు. కుక్కరు రెండో కూత కూసింది. పాటలో నాలుగుసార్లు నెట్టాడు, నేను నాలుగుసార్లు కళ్లు మూసుకున్నాను. “మూసెయ్యి” అన్నాను. బొటనవేలు గాలి మీట మీదికి వెళ్లింది. కింది అంచు కదలలేదు. పై అంచు విసనకర్ర ముడుచుకున్నట్టు, మడత మీద మడతగా, నేను లెక్క చెప్పకుండానే, ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది. ఎక్కడా విసురు లేదు. చివర్లో పైన ఒకటి, కింద ఒకటి పట్టీ గుండీలు పెట్టాడు. టక్కు, టక్కు.

“అలాగే పాటలో కూడా మూయొచ్చు కదరా” అన్నాను.

“అప్పుడు పాట అడ్డం వస్తుంది నాన్నా” అని లేచి వెళ్లిపోయాడు.

గద్య

ఇది శ్రీమత్ పెట్టె తాత పౌత్ర, నాలుగు దినముల హార్మోనియ విద్యాభ్యాస విరాజిత, సార్ధషడ్ఘంటా సాయంకాల గృహబంధిత, గడియార నిరీక్షణ చణ పుత్ర సమేత, కుక్కరు కూతల యందలి లయజ్ఞాన సంపన్న, నామధేయంబు చెప్పనొల్లని వ్యాఖ్యాత ప్రణీతంబైన భస్త్రికావ్యాఖ్య యందు, “అన్నం చల్లారిపోతోంది, ఇద్దరూ రండి” యను కేక వినవచ్చుటచే సర్వంబు నేకాశ్వాసము.